పంటి రంగు ఫిల్లింగ్ ఎన్నాళ్లుంటుంది?

పుచ్చిన దవడ పన్నులో నింపిన పంటి రంగు ఫిల్లింగ్ ఎన్నేళ్లు ఉంటుందని ఇద్దరు దంతవైద్యులను అడిగితే, ఒకరు ఐదారేళ్లనీ మరొకరు ఇరవై ఏళ్లకు పైమాటేననీ అనవచ్చు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. వెండి ఫిల్లింగ్‌గా జనం పిలిచే అమాల్గమ్ కన్నా రెసిన్ కాంపోజిట్ త్వరగా చెడిపోతుందని లిస్బన్ పిల్లల మీద జరిగిన పరిశోధన చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని ఒక దంతవైద్యశాల రికార్డులు తిరగేస్తే పెద్ద ఫిల్లింగుల్లో కాంపోజిటే ఎక్కువ కాలం నిలిచినట్టు కనిపిస్తుంది. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే, రెండింటినీ తోసిపుచ్చడానికి లేదు.

మరి ఈ చిక్కుముడి ఎలా పడింది? దాదాపు యాభై ఏళ్లుగా ఈ చర్చ ఫిల్లింగ్ పదార్థం ఆయుష్షు చుట్టూనే తిరిగింది. పరిశోధనలను వరుసగా చదివితే మాత్రం, తేడా తెచ్చేవి పదార్థం కన్నా మిగతా నాలుగని అర్థమవుతుంది: నింపిన గుంట ఎంత పెద్దది, అది ఎవరి నోట్లో ఉంది, నింపిన చెయ్యి ఎలాంటిది, అది చెడిపోయిందని తేల్చింది ఎవరు. ఈ సమీక్ష చర్చలోని వాదాలను ఒక్కొక్కటిగా తూకం వేసే ప్రయత్నం.

సిలికేట్ నుంచి బిస్-జీఎంఏ దాకా

ముందు పళ్లలో నలుపు కనిపించకుండా నింపాలన్న కోరిక పాతదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఆ పని సిలికేట్ సిమెంట్లు చేశాయి. అవి లాలాజలంలో మెల్లగా కరిగిపోయేవి. 1940ల్లో జర్మనీలో తనంతట తానే గట్టిపడే ఆక్రిలిక్ రెసిన్ వచ్చింది. అది కరగదు గానీ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోయేది, వేడికీ చల్లదనానికీ పన్ను కన్నా చాలా ఎక్కువగా వ్యాకోచించి సంకోచించేది. అంచుల్లో సందు పడి, రంగు పట్టి, కింద మళ్లీ పుచ్చేది.

చరిత్ర మలుపు తిరిగింది రెండు ఆవిష్కరణలతో. అమెరికాలోని రోచెస్టర్‌లో మైఖేల్ బ్యూనోకోర్, రంగు బాగా పట్టడానికి లోహాల పైభాగాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధి చేసే పరిశ్రమల పద్ధతిని పంటికి వర్తింపజేశాడు. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఎనామెల్‌కు కొన్ని సెకన్లు పూస్తే అది సూక్ష్మంగా గరుకు తేలి, ఆక్రిలిక్ దానికి గట్టిగా పట్టుకుంటుందని 1955లో చూపించాడు. ఇవాళ ప్రతి దంతవైద్యశాలలో నీలిరంగు జెల్‌గా కనిపించే ఎచింగ్‌కు మూలం అదే, కాకపోతే ఆమ్లం గాఢత 35-37 శాతానికి తగ్గింది.

రెండోది రాఫేల్ బోవెన్ పని. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేస్తూ ఆయన బిస్-జీఎంఏ అనే పెద్ద అణువున్న రెసిన్ తయారు చేశాడు. అణువు పెద్దది కాబట్టి గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం తక్కువ. దానిలో సిలేన్ పూత పూసిన సిలికా రేణువులు కలిపాడు. 1962లో పేటెంట్ వచ్చింది. కాంక్రీటులో కంకరను సిమెంటు పట్టి ఉంచినట్టు ఇక్కడ రేణువులను రెసిన్ పట్టి ఉంచుతుంది, ఆ రెండింటినీ కలిపేది సిలేన్. ఇప్పటి కాంపోజిట్లలో ఎక్కువ భాగం ఈ నిర్మాణానికి మెరుగులే.

1970ల్లో వీటిని దవడ పళ్లలో వాడి చూసినప్పుడు ఎదురైన పెద్ద సమస్య అరుగుదల. అప్పటి రేణువులు పెద్దవి. నమిలే కొద్దీ చుట్టూ ఉన్న రెసిన్ అరిగి రేణువులు ఊడిపోయేవి, ఫిల్లింగ్ గుంటపడేది. కాంపోజిట్ దవడ పళ్లకు పనికిరాదన్న అభిప్రాయం ఆ రోజుల్లో స్థిరపడింది. ఆశ్చర్యమేమిటంటే ఆ కారణం దాదాపు తొలగిపోయాక కూడా అభిప్రాయం చాలాకాలం అలాగే ఉండిపోయింది. రేణువుల పరిమాణం మైక్రాన్ల నుంచి మైక్రాన్‌లో చిన్న భాగానికి, 2000 తర్వాత నానోమీటర్లకు దిగింది. పళ్లు కొరికే అలవాటున్నవాళ్లను మినహాయిస్తే, ఇప్పుడు అరుగుదల వల్ల ఫిల్లింగ్ మార్చాల్సి రావడం అరుదు.

గట్టిపరిచే పద్ధతీ మారింది. మొదట్లో రెండు పేస్టులు కలిపేవారు. 1970ల మొదట్లో అతినీలలోహిత కాంతితో, ఆ దశకం చివరికి కాంఫర్‌క్వినోన్ అనే పదార్థాన్ని ఉత్తేజపరిచే నీలి కాంతితో గట్టిపరచడం మొదలైంది. జనం నోట్లో ‘లైట్ క్యూర్ ఫిల్లింగ్’ అన్న పేరు నిలిచింది అందుకే.

నోట్లో అది చెడిపోయే తీరు

చెడిపోవడానికి బీజం గట్టిపడే వేళే పడుతుంది. చిన్న అణువులు గొలుసులుగా అల్లుకునేటప్పుడు వాటి మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి మొత్తం పరిమాణం సాధారణంగా 2-3 శాతం కుంచించుకుపోతుంది, పల్చగా జారే ఫ్లోవబుల్ రకాల్లో ఇంకా ఎక్కువ. పదార్థం పంటి గోడలకు అతుక్కుని ఉండి కుంచించుకుపోతే ఆ లాగుడు గోడల మీద పడుతుంది. అతుకు బలహీనమైతే అంచు ఊడుతుంది, అతుకు బలంగా ఉంటే పంటి గోడలే లోపలికి వంగుతాయి. ఎన్ని గోడలకు అతికి ఉంది, ఎన్ని ముఖాలు స్వేచ్ఛగా ఉన్నాయన్న నిష్పత్తి మీద ఈ లాగుడు ఆధారపడుతుందని 1987లో ఫైల్జర్, డి గీ, డేవిడ్సన్ చూపించారు. పొరకు 2 మిల్లీమీటర్ల చొప్పున కొంచెం కొంచెంగా నింపి గట్టిపరచాలన్న నియమానికి ఒక కారణం ఇది. మరో కారణం కాంతి అంతకన్నా లోతుకు సరిగా చేరకపోవడం.

కాంతి పడినా అన్ని బంధాలూ ముడిపడవు. అల్లుకోగలిగినవాటిలో సుమారు 50-75 శాతమే అల్లుకుంటాయి. మిగిలినవి లోపలే వదులుగా ఉండిపోయి, నీరు చొరబడడానికి దారి ఇస్తాయి.

అసలు బలహీనమైన చోటు డెంటిన్. ఎనామెల్ దాదాపు అంతా ఖనిజం, పొడిగా ఉంటుంది, ఆమ్లం పూస్తే చక్కగా గరుకు తేలుతుంది. డెంటిన్‌లో కొల్లాజెన్, నీరు, పంటి నరం దాకా వెళ్లే సన్నని గొట్టాలు ఉన్నాయి. టోక్యోలో టకావో ఫుసయామా 1979లో డెంటిన్‌ను కూడా ఎచ్ చేయవచ్చని వాదించినప్పుడు నరం చచ్చిపోతుందని చాలామంది భయపడ్డారు. 1982లో నకాబయాషి బృందం ఆ అతుకు ఎలా ఏర్పడుతుందో వివరించింది: ఆమ్లం ఖనిజాన్ని తొలగించాక మిగిలిన కొల్లాజెన్ అల్లికలోకి రెసిన్ చొరబడి హైబ్రిడ్ పొర ఏర్పడుతుంది. ఇవాళ్టి బాండింగ్ అంతా ఆ పొర మీద నిలబడింది. కాలక్రమంలో మెత్తబడేదీ ఆ పొరే.

మెత్తబడడానికి రెండు దారులు. నీరు, లాలాజలంలోని ఎస్టరేజ్ ఎంజైములు రెసిన్‌లోని ఎస్టర్ బంధాలను తెంచుతాయి. పుచ్చుకు ప్రధాన కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ బ్యాక్టీరియా కూడా అలాంటి ఎంజైములు తయారు చేసుకోగలదని టొరంటో పరిశోధకులు చూపించారు. రెండో దారి పంటిలోనే ఉంది. డెంటిన్‌లో నిద్రాణంగా ఉండే ఎంఎంపీ ఎంజైములు ఆమ్లం తగిలి మేల్కొని, రెసిన్ సరిగా కప్పని కొల్లాజెన్‌ను మెల్లగా నమిలేస్తాయని డేవిడ్ పాష్లీ బృందం 2004లో ప్రకటించింది. అంటే ఆ అతుకును తినేవి బయటి శత్రువులే కాదు, పన్ను కూడా.

లెక్కలు ఏమంటున్నాయి

పరిశోధకులు వాడే ప్రధాన కొలత ఏటా విఫలమయ్యే శాతం. 100 ఫిల్లింగులు పెడితే ఏటా 1 శాతం చొప్పున పోతే పదేళ్లకు సుమారు 90, ఏటా 2 శాతం పోతే 82, 3 శాతం పోతే 74 మిగులుతాయి. చూడడానికి చిన్న తేడా. పదేళ్లలో అది నూటికి పదహారు ఫిల్లింగుల తేడా.

లిస్బన్‌లోని కాసా పియా పాఠశాలల్లో 8-12 ఏళ్ల పిల్లల మీద జరిగిన పరిశోధనే ఈ చర్చలో అందరూ ముందు ఉటంకించేది. అది మొదలైంది అమాల్గమ్‌లోని పాదరసం వల్ల హాని ఉందా అని తేల్చడానికి, ఫిల్లింగుల మన్నిక ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఏడేళ్ల తర్వాత అమాల్గమ్ ఫిల్లింగుల్లో 94.4 శాతం, కాంపోజిట్లలో 85.5 శాతం నిలిచాయి. ఫిల్లింగ్ పక్కనే మళ్లీ పుచ్చే ప్రమాదం కాంపోజిట్‌కు 3.5 రెట్లు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో 6-10 ఏళ్ల పిల్లల మీద అదే ప్రశ్నతో మరో పరిశోధన జరిగింది. శాశ్వత దంతాల్లో మార్చాల్సి వచ్చినవి కాంపోజిట్లలో 14.9 శాతం, అమాల్గమ్‌లో 10.8 శాతం. గణాంకశాస్త్రం దృష్టిలో ఆ తేడా నిర్ధారణ కాలేదు. మరమ్మతులు మాత్రం కాంపోజిట్లకు ఏడు రెట్లు.

నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌కు చెందిన నీక్ ఆప్‌డామ్ బృందం 2010లో 12 ఏళ్ల రికార్డులు విశ్లేషించింది. పెద్ద ఫిల్లింగుల్లో కాంపోజిట్ మెరుగ్గా నిలిచింది, ముఖ్యంగా పుచ్చే ముప్పు తక్కువున్నవాళ్లలో. పుచ్చే ముప్పు ఎక్కువున్నవాళ్లలో, మూడు ముఖాలు కప్పే ఫిల్లింగుల దగ్గర అమాల్గమే గెలిచింది. లిస్బన్‌కూ నైమెఖెన్‌కూ ఉన్న వైరుధ్యానికి తాళంచెవి ఆ వాక్యంలోనే ఉంది. పుచ్చులున్న పిల్లలనే ఎంచుకుని చేసిన పరిశోధన ఒకటి, ఏళ్ల తరబడి ఒకే వైద్యుడి దగ్గరికి క్రమంగా వచ్చే పెద్దవాళ్ల రికార్డులు మరొకటి.

దీర్ఘకాలం గమనించిన పనులు రెండు. బ్రెజిల్‌లోని కాషియాస్ దో సూల్‌లో ఒకే దంతవైద్యుడు పెట్టిన ఫిల్లింగులను 22 ఏళ్ల తర్వాత పరిశీలించి 2011లో ప్రకటించారు. రెండు రకాల కాంపోజిట్లు వాడారు, ఏటా వైఫల్యం ఒకదానిలో 1.5 శాతం, రెండోదానిలో 2.2 శాతం. ఫిల్లర్, అంటే రెసిన్‌లో కలిపే రేణువులు, ఎక్కువున్న రకమే మెరుగు, అయితే ఆ తేడా రెండో దశాబ్దంలో గానీ బయటపడలేదు. మూడేళ్లలో, ఐదేళ్లలో ముగిసే పరిశోధనలు ఒక పదార్థాన్ని మరొకదానితో పోల్చి ‘తేడా లేదు’ అన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. స్వీడన్‌లో పల్లెసెన్, వాన్ డైకెన్ మూడు రకాల కాంపోజిట్లను 30 ఏళ్ల పాటు అనుసరించారు. 63 శాతం నిలిచాయి, ఏటా వైఫల్యం 1.1 శాతం. వాటిలో కాంతితో గట్టిపడినదాని కన్నా రెండు పేస్టులు కలిపే పాతకాలపు రకాలే మెరుగ్గా నిలవడం, కొత్తదే మంచిదనుకునేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన ఫలితం. ఆ పరిశోధనలో ఉన్నది 30 మందే అన్నది కూడా అంతే ముఖ్యం.

ఇవన్నీ కలిపి చూసిన సమీక్షలూ వచ్చాయి. 2014లో ఆప్‌డామ్ బృందం 12 దీర్ఘకాలిక పరిశోధనల మూల సమాచారాన్ని ఒకచోట చేర్చి లెక్కకట్టింది: ఏటా వైఫల్యం ఐదేళ్ల దగ్గర 1.8 శాతం, పదేళ్ల దగ్గర 2.4 శాతం. ఫిల్లింగ్ కప్పే ముఖం ఒక్కొక్కటి పెరిగే కొద్దీ విఫలమయ్యే ముప్పు 30-40 శాతం పెరుగుతుంది. అదే ఏడాది వచ్చిన కోక్రేన్ సమీక్ష, అమాల్గమ్‌తో పోలిస్తే కాంపోజిట్ విఫలమయ్యే అవకాశం దాదాపు రెట్టింపు, 1.89 రెట్లు అని తేల్చింది. 2021లో సవరించినప్పుడూ అదే మాట. పత్రికల్లో తరచూ కనిపించే ఆ ‘రెట్టింపు’ లిస్బన్, న్యూ ఇంగ్లండ్ పిల్లల పరిశోధనలు రెండింటి మీదే నిలబడిందన్న సంగతి మాత్రం శీర్షికల్లోకి రాలేదు. సమీక్షకులు మాత్రం ఆధారాల బలం తక్కువేనని స్పష్టంగానే రాశారు.

పక్కపక్కన పెట్టి చూస్తే బొమ్మ ఇది: క్రమం తప్పని రోగి, అనుభవమున్న చెయ్యి, పుచ్చే ముప్పు తక్కువ ఉన్న చోట ఏటా వైఫల్యం 1 నుంచి 2 శాతం, ఇందులో అమాల్గమ్‌కు తీసిపోయేదేమీ లేదు. చిన్న వయసు, చురుగ్గా పుచ్చే నోరు, అనేకమంది వైద్యులు ఉన్న చోట సగటు అంతకన్నా ఎక్కువ, మళ్లీ పుచ్చడమే ప్రధాన కారణం. అంటే ఒకే పదార్థం రెండు నోళ్లలో రెండు రకాలుగా బతుకుతోంది.

నాలుగు వాదాలు

పదార్థవాదులది మొదటి వరస. ఫిల్లర్ ఎంత శాతం, రేణువు ఎంత చిన్నది, కుంచించుకుపోవడం ఎంత తక్కువ అని వీరు వెతుకుతారు. తయారీ సంస్థల డబ్బు, ప్రయోగశాలల శ్రమ ఎక్కువగా వెళ్లింది ఇటే. వీరి వాదానికి పెద్ద పరీక్ష సైలోరేన్. 2007లో మార్కెట్లోకి వచ్చిన ఈ కొత్త రెసిన్ కుంచించుకుపోవడం 1 శాతం లోపే. కుంచించుకుపోవడమే అసలు శత్రువైతే సైలోరేన్ ఫిల్లింగులు మిగతావాటిని మించిపోవాలి. ఐదేళ్ల దాకా సాగిన పరీక్షల్లో మామూలు కాంపోజిట్ల మీద వాటికి చెప్పుకోదగిన ఆధిక్యం కనిపించలేదు. తర్వాత అది మార్కెట్లోంచి తప్పుకుంది. పొరలు పొరలుగా కాక 4 మిల్లీమీటర్ల మందాన ఒకేసారి నింపే బల్క్‌ఫిల్ రకాలూ అదే పాఠం మరోవైపు నుంచి చెబుతున్నాయి: సిద్ధాంతం ప్రకారం ఇవి ఎక్కువ చెడిపోవాలి, కొన్నేళ్ల పరీక్షల్లో పొరలుగా నింపినవాటికి తీసిపోలేదు. ఫిల్లర్ తేడా రెండో దశాబ్దంలో బయటపడిన బ్రెజిల్ ఫలితం వీరికి ఇంకా ఊపిరి పోస్తోంది గానీ, ఇవాళ నాణ్యమైన రకాల మధ్య తేడా చిన్నదన్నది నిలబడిన అభిప్రాయం.

అతుకువాదులు అసలు సంగతి బాండింగ్‌దే అంటారు. దీన్ని తేల్చడానికి వారు ఎంచుకున్న పరీక్ష తెలివైనది. బ్రష్ రాపిడితో చిగురు దగ్గర అరిగిన పంటి భాగంలో ఫిల్లింగ్ పట్టి నిలిచేందుకు గుంట ఉండదు. అక్కడ ఫిల్లింగ్ నిలిచిందంటే ఆ ఘనత అతుకుదే. ఇలాంటి పరీక్షల్లో మూడు అంచెల పాత పద్ధతి, 10-ఎండీపీ అనే అణువున్న తేలికపాటి రెండు అంచెల పద్ధతి నమ్మకంగా నిలిచాయి. బెల్జియంలోని లూవెన్ బృందం దశాబ్దానికి పైగా గమనించి ఇదే చెప్పింది. పని తొందరగా ముగించేందుకు అన్నీ ఒకే సీసాలో కలిపిన తొలితరం బాండింగులు వెనకబడ్డాయి. పని తగ్గించిన ప్రతి అంచె ఎక్కడో ఒకచోట బాకీ పడుతుందని ఆ చరిత్ర చదివితే అనిపిస్తుంది. అయితే దవడ పళ్ల గుంటల్లో బాండింగ్ రకం ఇంత స్పష్టమైన తేడా చూపలేదు. అక్కడ చుట్టూ గోడలు, ఎనామెల్ అంచు కూడా పనిచేస్తాయి.

మూడో వాదం నోటిది. బ్రెజిల్‌కు చెందిన ఫ్లావియో దెమార్కో, సహచరులు 2012లో రాసిన సమీక్షకు ‘పదార్థం ఒక్కటే కాదు’ అన్న అర్థమొచ్చే శీర్షిక పెట్టారు. అప్పటి నుంచి ఈ వాదానికి బలం పెరిగింది. పుచ్చే ముప్పు, పళ్లు కొరికే అలవాటు, ఫిల్లింగ్ కప్పిన ముఖాల సంఖ్య, రూట్ కెనాల్ అయిన పన్నా కాదా అన్నవే ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తాయి. నా అంచనాలో నాలుగింటిలో అత్యంత గట్టి ఆధారాలున్నది దీనికే. దీనికో అసౌకర్యమైన కొసమెరుపు ఉంది. రోజుకు నాలుగుసార్లు తీపి టీ తాగి, పడుకునే ముందు పళ్లు తోమని మనిషి నోట్లో ఏ బ్రాండు పెట్టామన్నది రెండో ప్రశ్న అవుతుంది. తయారీదారులకూ వైద్యులకూ ఇది అంత ఇష్టమైన జవాబు కాదు, అమ్మడానికి ఇందులో ఏమీ లేదు.

నాలుగో వాదం చేతిది, దాంట్లోనే తీర్పుది కూడా. అమాల్గమ్ తేమను కొంత సహిస్తుంది, కాంపోజిట్ సహించదు. ఎచ్ చేసిన పంటి మీద లాలాజలం పడితే అతుకు అక్కడే చెడిపోతుంది. అందుకే పన్ను చుట్టూ బిగించే రబ్బర్ డ్యామ్ వాడాలంటారు. వాడితే వైఫల్యం తగ్గవచ్చని కోక్రేన్ సమీక్ష చెబుతోంది, బలహీన ఆధారాలతోనే. లైట్ సంగతి మరీ లోకువ. దవడ పన్ను గుంట అడుగు నుంచి లైట్ కొన చాలా దూరంగా ఉంటుంది, దూరం పెరిగే కొద్దీ కాంతి తగ్గుతుంది, బల్బు పాతబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. పైపొర గట్టిపడి, అడుగు మెత్తగా మిగిలిపోయినా ఆ రోజు ఎవరికీ కనిపించదు. ఆ తప్పు మూడేళ్ల తర్వాత పదార్థం ఖాతాలో పడుతుంది.

ఇక తీర్పు. ఫిల్లింగ్ తనంతట తానుగా ‘విఫలమైంది’ అని ప్రకటించుకోదు. ఒక వైద్యుడు చూసి, మార్చాలని నిర్ణయిస్తే అది వైఫల్యంగా నమోదవుతుంది. ఇంగ్లండ్, వేల్స్ ప్రభుత్వ దంతవైద్య రికార్డుల్లో, వైద్యుడిని మార్చిన రోగుల ఫిల్లింగుల ఆయుష్షు తక్కువగా కనిపించింది. ఒకరు గమనిస్తూ వదిలేసిన దాన్ని మరొకరు తవ్వేస్తున్నారన్నమాట. అంచు చుట్టూ గోధుమ రంగు గీత కనిపిస్తే కింద పుచ్చు ఉందని చాలామంది అనుకుంటారు. లండన్‌లో ఎడ్వినా కిడ్ బృందం 1990ల్లో చేసిన పని ప్రకారం రంగు ఒక్కటి చూసి అలా తేల్చలేం. ఫిల్లింగ్ మొత్తం తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ గుంట కొంత పెద్దదవుతుంది, కప్పే ముఖాలు పెరుగుతాయి, కాబట్టి తర్వాతి ఫిల్లింగ్ ఆయుష్షు తగ్గుతుంది. చెడిన మేరకు గరుకు చేసి, బాండింగ్ రాసి అతికించే మరమ్మతు కాంపోజిట్‌కున్న పెద్ద సౌలభ్యం. మరమ్మతును వైఫల్యంగా లెక్కించే పరిశోధన ఒక అంకె ఇస్తుంది, లెక్కించనిది మరో అంకె ఇస్తుంది. రెండు పరిశోధనలను పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే, తరచూ ఎవరూ చూడనిదీ ఇదే.

తేలనివి

అంచు సందులో మళ్లీ పుచ్చడం ఎలా మొదలవుతుంది? పాత నమ్మకం ప్రకారం సన్నని సందులోంచి ఆమ్లం, బ్యాక్టీరియా జారి లోపల గోడ పుచ్చుతుంది. సందు అసలు కారణమే కాదని, ఇది ఫిల్లింగ్ పక్కన కొత్తగా పుట్టే మామూలు పుచ్చేనని మరో వాదం. ఎంత వెడల్పు సందు ప్రమాదకరమన్న దానిపై ప్రయోగాల్లో అంకెలు ఏకీభవించలేదు. కొన్ని వందల మైక్రాన్లు దాటితేనే అని కొందరు, అంతకన్నా చాలా సన్ననిదైనా చాలని మరికొందరు. అమాల్గమ్ తుప్పు అంచుల్ని కాలక్రమంలో కొంత పూడుస్తుంది, దాని లోహ అయాన్లు బ్యాక్టీరియాకు పడవు. కాంపోజిట్‌కు ఆ రెండు గుణాలూ లేవు, పైగా దాని మీద పాచి ఎక్కువ పేరుకుంటుంది. లిస్బన్ పిల్లల్లో 3.5 రెట్ల తేడా దీనివల్లేనా అన్నది సంభావ్యమే గానీ రుజువు కాలేదు.

హైబ్రిడ్ పొరను కాపాడే ప్రయత్నాలదీ ఇదే స్థితి. ఎంఎంపీలను అణిచే క్లోర్‌హెక్సిడిన్ ప్రయోగశాలలో అతుకు క్షీణతను నెమ్మదింపజేసింది. రోగుల్లో ఆ లాభం ఫిల్లింగ్ ఆయుష్షుగా మారినట్టు స్పష్టంగా కనిపించలేదు. కాల్షియం, ఫ్లోరైడ్ వదిలే ‘బయోయాక్టివ్’ రకాల ప్రకటనలు వాటి దీర్ఘకాలిక ఫలితాల కన్నా చాలా ముందున్నాయి.

తెలుగు నేలకు సంబంధించిన చిక్కొకటి ఉంది. మనదేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్లగొండ పేరు చెబితే ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ సమస్యే. ఫ్లోరైడ్ ఎక్కువగా చేరిన ఎనామెల్ పైపొర ఆమ్లానికి త్వరగా లొంగదు, దాని కింది పొర గుల్లగా ఉంటుంది. బ్యూనోకోర్ నుంచి నేటిదాకా బాండింగ్ నిలబడింది మామూలు ఎనామెల్ మీద. మచ్చలు తీవ్రంగా ఉన్న పళ్లకు ఎచింగ్ సమయం పెంచాలని, పైపొరను కొంత గీకాలని సూచనలున్నాయి గానీ, అతుకు బలం తగ్గుతుందా లేదా అన్నదానిపై ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇక్కడ మనం చర్చించిన దీర్ఘకాలిక అంకెలు స్వీడన్, నెదర్లాండ్స్, బ్రెజిల్ నోళ్లవి. నల్లగొండ జిల్లా మర్రిగూడలో నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు వాటిని యథాతథంగా వర్తింపజేయడం కుదరదు.

అమాల్గమ్ తప్పుకున్నాక

ఈ చర్చకు ఇప్పుడు గడువు పడింది. పర్యావరణంలోకి పాదరసం చేరడాన్ని తగ్గించే మినామాటా ఒప్పందం 2013లో కుదిరింది, 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ఆమోదించింది. నార్వే, స్వీడన్ అంతకుముందే అమాల్గమ్ ఆపేశాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప వాడకం నిషిద్ధం. ఒప్పంద దేశాలు 2025 నవంబరులో జెనీవాలో సమావేశమై 2034 నాటికి అమాల్గమ్‌కు పూర్తిగా స్వస్తి చెప్పాలని నిర్ణయించాయి. కారణం పర్యావరణం, మన్నిక కాదు. అది సరైన కారణమే కావచ్చు, కానీ దాని ఫలితం మన్నిక మీదే పడుతుంది.

ఇప్పటిదాకా అమాల్గమ్ మిగిలి ఉన్నది ఎక్కువగా ఎవరి నోళ్లలో? ప్రభుత్వ ఆసుపత్రులు, దంత కళాశాలల అవుట్‌పేషెంటు విభాగాల్లో బారులు తీరే పేదవాళ్ల నోళ్లలో, పెద్ద గుంటలు, చిగురు కిందికి దిగిన పుచ్చులు, లాలాజలం ఆపడం కష్టమైన చోట్లలో. ఆప్‌డామ్ లెక్కల్లో అమాల్గమ్ గెలిచింది సరిగ్గా ఆ గుంపులోనే. కాంపోజిట్‌కు ఒక్కో పన్ను మీద ఎక్కువ సమయం పడుతుంది, రబ్బర్ డ్యామ్ కావాలి, లైట్ సరిగా పనిచేయాలి, ఒక్కో ఫిల్లింగ్‌కు ఖర్చూ ఎక్కువే. ఒక్క కుర్చీ ముందు ఇరవై మంది వేచి ఉన్న చోట మొదట తెగేది రబ్బర్ డ్యామ్. 1972లో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ ప్రకటించిన గ్లాస్ అయనమర్ తేమను కొంత తట్టుకుంటుంది, ఎచింగ్ లేకుండానే పంటికి అంటుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. కాబట్టి కొంతమంది దృష్టి దాని గట్టి రకాల మీద ఉంది. రెండు ముఖాలు కప్పే దవడ ఫిల్లింగుల్లో అది విరిగిపోతుందన్న ఫిర్యాదు ఇంకా పోలేదు.

కాబట్టి ఇప్పుడు అవసరమైన పోలిక కాంపోజిట్‌కూ అమాల్గమ్‌కూ మధ్య కాదు. పుచ్చే ముప్పు ఎక్కువున్న నోళ్లలో, రద్దీ ఉన్న ఆసుపత్రుల్లో, మరమ్మతును వైఫల్యంగా లెక్కించకుండా, కాంపోజిట్‌నూ గట్టి గ్లాస్ అయనమర్‌నూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చేసే పరీక్ష. బ్రెజిల్‌లో పదార్థాల తేడా రెండో దశాబ్దంలో గానీ కనిపించలేదు. అలాంటి పరీక్ష ఇవాళ మొదలైనా, పదేళ్ల ఫలితం చేతికొచ్చేసరికి 2034 దాటిపోతుంది.